ఇంటి దొంగ

డార్డో,
ఆ ఆదివారం నిన్ను గుమ్మంలోంచే తిప్పి పంపేశాను.
ఆ మాట ఇంకా నా నోట్లో పుండులా సలుపుతోంది.

ఒకటే మాతే బుర్ర, ఒకటే వెండి గొట్టం.
నువ్వు పీల్చి విల్మర్‌కిచ్చావు, విల్మర్ పీల్చి నీకిచ్చాడు.
మోంతెవిదెయో రేవులో, క్రేను నీడన,
ముప్ఫై ఏళ్లు మీరు చేసిన పనే.
కీమో అయి పది రోజులైంది.
అతని నెత్తురులో కావలివాళ్లు వందమందైనా లేరని
నీకేం తెలుసు? నేను అరిచాను.

బుధవారం నడిరేయి థర్మామీటరు
ముప్ఫై ఎనిమిదిన్నర చూపించింది.
"పొద్దున చూద్దాంలే నిబియా" అంటూ
జ్వరం బిళ్ల కోసం చెయ్యి చాపాడు.
లాక్కున్నాను.
ఈ ఇంట్లో మోగే గంట అదొక్కటే,
దాని నోరు నొక్కెయ్యొద్దని ముందే చెప్పారు.

జూలై చలిగాలి. టాక్సీ.
ఎమర్జెన్సీ కిటికీ దగ్గర పసుపు కార్డు చూపించానో లేదో
వరసలో వాళ్లందర్నీ దాటించి తీసుకుపోయారు.
రెండు చోట్ల నెత్తురు తీసి సీసాల్లో పోశారు,
గంట తిరక్కుండానే యాంటీబయోటిక్ ఎక్కించారు.
"ఏ క్రిమో తెలీకుండానే?" అన్నాను.
"పేరు తెలిసేదాకా ఆగితే
పేరే మిగుల్తుంది" అంది డాక్టర్ లర్రోసా.

గొంతు చూసింది, చిగుళ్లు చూసింది, చంకలు చూసింది.
ఎక్కడా ఎరుపు లేదు, వాపు లేదు, చీము లేదు.
నేను సంతోషించబోయాను.
"చీమంటే పోరులో పడ్డ సైనికులమ్మా.
ఇతని దగ్గర పడిపోడానికి కూడా ఎవరూ లేరు."

ఆరు గంటలకో సంచి.
మూడు దుప్పట్ల కింద అతని పళ్లు టకటకలాడుతుంటే
ఆ రాత్రంతా, దాచడమెందుకు,
నిన్నే తిట్టుకున్నాను.

శుక్రవారం ల్యాబు నుంచి ఫోను.
ఆ క్రిమి నీది కాదు డార్డో.
అతని పేగుల్లోదే.
ఇన్నేళ్లూ అతని కంచంలోనే తిని, పడి ఉన్నది,
మందులకి గోడ పలచబడగానే దూకింది.
దేవుడికైనా చిక్కని ఇంటి దొంగ
గాజు సీసాకి చిక్కాడు.

ఇవాళ ముప్ఫై ఆరూ ఎనిమిది.
కళ్లు తెరిచి మొదట అడిగింది నిన్నే.
"ఫోను చేశాడా?"
లేదన్నాను. పదకొండుసార్లు చేశావు.

రా.
నీ బుర్ర నువ్వు తెచ్చుకో, గొట్టం ఎవరిది వాళ్లదే.
కావలివాళ్లు ఇంకా రెండొందలే,
నా భయం తగ్గలేదు.
చేతులు కడుక్కో. మోచేతుల దాకా.