రెండు రాత్తిర్లు

చిత్తూరు కోర్టులో నా పని
ఒక నోటి మాటను ఇంకో చెవికి మోయడం.
పిలిచిన రోజుకే భత్యం,
అదీ మూడు నెలలకో, ఆరుకో.
మాది గుడిపాల దాటినాక చిన్న ఊరు.
ఇంట్లో అరవం, బడిలో తెలుగు,
కల్లో ఏది వస్తే అది.

ఆ బుధవారం
జవ్వాది కొండల మనిషినొకన్ని తెచ్చినారు.
పేరు వేడియప్పన్.
లుంగీకి ఎర్రమన్ను, అరచేతిలో గొడ్డలి కాయలు.
ఒక చెప్పు అడివిలో పోయిందంట,
రెండోది తనే పారేసినాడంట,
ఒంటి చెప్పుతో ఏం పనని.

కాగితాల్లో అంతా సక్రమమే.
పట్టుకున్నది భాకరాపేట కనుమ కాడ, మంగళవారం సాయంత్రం ఐదుకి.
హాజరుపరిచింది బుధవారం మధ్యాహ్నం మూడుకి.
ఇరవై నాలుగ్గంటల్లో
ఇంకా రెండు గంటలు మిగిలినాయి.
ఎంత పొదుపరి లెక్క!

గోడకానుకుని నిలబడి
గ్రూప్ టూకి చదివి వదిలేసిన పాఠం నెమరేస్తా ఉన్నా.
పోలీసు రాష్ట్రం జాబితా.
రైలు ఢిల్లీ జాబితా.
అడివి ఒకప్పుడు రాష్ట్రానిదే, డెబ్బై ఆరులో
ఉమ్మడి జాబితాకు నడిచిపోయింది,
చెట్లు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి.
బయానా ఇచ్చి కొండెక్కించిన మేస్త్రీ
ఏ జాబితాలోనూ లేడు.

మనిషిది అవతలి రాష్ట్రం,
నరికింది ఇవతలి కొండ,
దుంగ పోయేది సముద్రం దాటి.
ఇన్ని గట్లు వేసుకున్న పెద్దోళ్లు
అన్ని మళ్లకీ నీళ్లు పారేట్టు
ఒక్క తూము వదిలినారు.
అరెస్టయినోడు ఎవుడైనా సరే అన్నారు గానీ
మా వైపోడైతేనే అనలేదు.

మేజిస్ట్రేటమ్మ చిన్న వయసు, గోదావరి యాస.
"ఎప్పుడు పట్టుకున్నారో అడగండి."
అడిగినా.
అతనికి గడియారం లేదు.
నేల చూస్తా చెప్పినాడు:
"రెండు రాత్తిరి."

అదీ చిక్కు.
అరవంలో రెండు రెండే,
తెలుగులోనూ రెండు రెండే.
రాత్తిరి కూడా మా అవ్వ అన్నట్టే అన్నాడు.
హాల్లో అందరికీ అర్థమైపోయింది,
ఫైళ్లు కుట్టే దఫేదారుకి కూడా.
అయినా రికార్డుకి చెవుల్లేవు.
నేను చెప్తేనే అది విన్నట్టు.

హెడ్ కానిస్టేబుల్ మునిరత్నం నన్ను చూసినాడు.
చెడ్డోడు కాదు.
మా చిన్నోడికి జొరమొస్తే
నడిరాత్తిరి జీపులో ఆస్పత్రికి తీసకపోయినోడు.
ఆ చూపులో బెదిరింపు లేదు.
అడుక్కోవడం ఉంది. అదే కష్టం.

"సరిగ్గా గుర్తులేదంటున్నాడు" అనొచ్చు.
"నిన్న" అనొచ్చు.
ఒక్క రాత్తిరి మింగేస్తే
ఎవురికి తెలుస్తుంది?

ఢిల్లీలో అంత పెద్ద కోర్టు,
అమరావతిలో ఒకటి, జిల్లాకొకటి,
ఇన్ని మెట్లు దిగొచ్చి
ఆ పొద్దు రాజ్యాంగం
నా నాలుక కొన మీద కూర్చోని ఉంది,
బస్టాండు అరుగు మీద పిల్లమాదిరి
కాళ్లు ఊపుకుంటా.

"రెండు రాత్రులు" అన్నా.

పెన్ను ఆగింది.
"ఎన్ని?"
"రెండమ్మా."
ఈసారి వేడియప్పన్ తలెత్తినాడు,
తప్పిపోయిన మేక దానంతటదే
దొడ్లోకి వస్తే చూసినట్టు.

తర్వాత గొప్పగా ఏమీ జరగలేదు.
స్టేషన్ డైరీ తెమ్మన్నారు. డాక్టరు చూడాలన్నారు.
ఉచిత లాయరును పెట్టమన్నారు, ఇంటికి కబురు పంపమన్నారు.
రిమాండు మాత్రం పడింది.
మునిరత్నం నాతో మాట్లాడలేదు.
టీ డబ్బులు మటుకు తనే ఇచ్చినాడు,
ఎప్పటిమాదిరే.

మాపటేళ సరిహద్దుకి ఇవతలే దిగినా.
బస్సు వేలూరు దారిన పోయింది.
కొంచెం దూరంలో బోర్డుల మీద అక్షరాలు మారతాయి,
గుంతలు మారవు.
సంగటి కెలుకుతా ఉంటే తట్టింది:
ఎన్ని రాత్తిర్లని అడగమన్నారు, అడిగినా.
ఆ రాత్తిర్లలో ఏం జరిగిందో
ఎవురూ అడగమనలేదు.
నేనూ అడగలేదు.