కొమ్ముల వీధి గరిడీ

పర్లాకిమిడిలో కొమ్ము కాల్చే వీధికి
తెల్లారకముందే కమురు వాసన.
దున్నకొమ్ము సెగలో మెత్తబడి
కొంగ మెడలా వంగేటప్పుడు
జుట్టు కాలినట్టుండేది గాలి.
ఆ గాలే పీల్చి పెరిగిన నా ఛాతీలో
రాత్రయితే పిల్లికూతలు.
ఆవనూనెలో కర్పూరం కాచి అమ్మ నా వీపుకి రాస్తూ
గుణుపురం బండి కూసేదాకా కూర్చునేది.

"ఆయాసం గుంటకి కర్రసామేటి?"
అన్నారు గరిడీ అరుగు మీది పెద్దలు.
లింగరాజు వస్తాదు ఏమీ అనలేదు.
కొమ్ముపొడి అంటిన చేతులు పంచెకి తుడుచుకుని
నా వీపుకి చెవి ఆనించాడు,
పండిందో లేదో పనసకాయను తట్టి వినేవాడిలా.
"లోనికెల్లిన గాలికి
బైటికి దారి తెలీట్లేదు, అంతే.
కర్ర తరవాత. ముందు వదలడం నేర్సుకో."

ఆర్నెల్లు నాకు కర్ర ఇవ్వలేదు.
అన్నలు దండీలు తీస్తుంటే, సంగిడీలెత్తుతుంటే
నేను గోదాలో ఎర్రమన్ను మీద ఓ మూల.
పీల్చేటప్పుడు తెలుగులో లెక్క:
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
వదిలేటప్పుడు ఒడియాలో:
ఎకొ, దుయి, తిని, చారి,
పాంచొ, ఛొఅ, సాతొ, ఆఠొ.
వస్తాదుకి పీల్చడం వాళ్లమ్మ నేర్పిందట,
వదలడం బరంపురంలో గురువు నేర్పాడట.
ఆ గురువుకి తెలుగు రాదట.
అంతకుమించి శాస్త్రమేమీ లేదు.

మొదట్లో తిని దగ్గరే దగ్గు.
తర్వాత పాంచొ దగ్గర కళ్లమ్మట నీళ్లు.
నా సంచిలో ఆస్పత్రివాళ్లిచ్చిన నీలం పంపు చూసి
అన్నలు నవ్వితే కసిరాడు వస్తాదు:
"అదీ ఓ వస్తాదేరా. దండం ఎట్టండి."

మధ్యాహ్నాలు ఆయన పనిచేసే పంచలో కూర్చోబెట్టేవాడు.
"కొంగ కాలు చెక్కుతాను, నా ముక్కు చూడు, చెయ్యి కాదు."
ఆకురాయి ముందుకెళ్లినప్పుడల్లా
ఆయన ఊపిరి సన్నగా బయటికి,
వెనక్కొచ్చినప్పుడల్లా లోపలికి.
ఒక్కసారి వీధిలో లారీ హారన్‌కి ఉలిక్కిపడి
బిగబట్టాడు.
కాలు పుటుక్కున విరిగింది.
ఆ ఒంటికాలి కొంగ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఓ రోజు అడిగాను:
"పీల్చాక, వదలకముందు, మధ్యన కూసింత ఆగుతాది కదా మావా,
అది ఏ బాసలో లెక్కెట్టాల?"
కిళ్లీ ఉమ్మేసి వచ్చి చెప్పాడు:
"దాన్ని లెక్కెట్టకు.
లెక్కెడితే అది ఊపిరవదు, అప్పవుద్ది."

మరుసటేడు దసరాకి బరిలో
నా ఎదుట బిపిన్ గౌడొ.
నాకన్నా జానెడు పొడుగు.
వాడు కర్ర తిప్పితే తేనెతుట్టె కదిలినట్టు రొద.
జనమంతా ఆ కర్ర కొసనే చూస్తున్నారు.
నేను చూడలేదు.
పన్నెండేళ్లు రాత్రుళ్లు మేలుకుని
నా ఊపిరికి నేనే కాపలా ఉన్నదాన్ని.
ఎక్కడ తెగుతుందో, ఎక్కడ అతుకుతుందో
చీకట్లో విని విని అరిగిన చెవి.
అన్ని డప్పుల మధ్యా వినపడింది
కొట్టబోయే ముందు ప్రతిసారీ
బిపిన్ గాలి మూసుకోవడం.
పక్కింట్లో తలుపు వేసినంత చప్పుడు.
మూడోసారి ఆ తలుపు పడేసరికి
నేను దుయి మీద ఉన్నాను.
వదులుతూనే వెళ్లాను.
నా కర్ర వాడి మణికట్టును తాకి ఆగింది.
వాడి కర్ర మట్టిలో పడింది.

ఈలలు. ఎవరో నా మెడలో బంతిపూల దండ వేశారు.
"నీకెలా తెలిసింది?" అని బిపిన్
మణికట్టు రుద్దుకుంటూ ఒడియాలో అడిగాడు.
చెబుదామని నోరు తెరిస్తే దగ్గు.
వాడే పరుగెత్తి నీళ్లచెంబు తెచ్చాడు.

వస్తాదు మాత్రం అక్కడేమీ అనలేదు.
ఇంటిదాకా నా కర్ర తనే మోసుకొచ్చి
గుమ్మంలో అమ్మకి అందిస్తూ అన్నాడు:
"బాగానే వింది నీ కూతురు.
దండ ఏసినప్పుడే
బిగబట్టింది."