మూడు రాత్రులకి ఒక గది

వంటింటి గోడలో గొట్టం పగిలింది.
మూడు రోజులు పడుతుందని ప్లంబరు
ముప్పై ఏళ్ల కాపురాన్ని
చెప్పుల జతలా గుమ్మం బయట పెట్టాడు.
సొంత ఊళ్లో హోటలు వెతుక్కోవడమంటే
అద్దంలో మొహాన్ని పేరడిగినట్టుంది.

ఆ పూట ట్రియెస్టేలో బోరా గాలి
చెత్తడబ్బాల్ని వీధి చివరిదాకా తరుముతోంది.
డుయిలియో ఒక చేత్తో టోపీని,
ఇంకో చేత్తో నా మోచేతిని పట్టుకున్నాడు,
ఏది ఎగిరిపోయినా మళ్లీ కొనాలన్నట్టు.

మొదటిది ఒకప్పటి దర్జీ కొట్టు.
మెట్ల పక్కన గోడకి కొలత టేపు అంటించారు.
నాలుగు మీటర్ల ఇరవై ఎక్కితే మా గది.
మంచం దగ్గర తల లేని బొమ్మ,
దాని భుజాల మీద చేతులు కుట్టని కోటు.
జోర్కా, ఆ ఇంటావిడ, దుప్పటి అంచు తిరగేసి
పైకి కనబడని కుట్టు చూపించింది.
"మా అత్తది ఈ చెయ్యి.
ఈ దీపం కిందే కుట్టి కుట్టి కళ్లు పోగొట్టుకుంది."
దీపం చాలా అందంగా ఉంది.
చదువుకోడానికి బావుంటుందని అనబోయి
నాలిక కరుచుకున్నాను.

రెండోది కొండ మీద, పాత నావికుల బడి.
గదులకి దిక్కుల పేర్లు.
ఈశాన్యం ఒక్కటే ఖాళీ.
ఎందుకో మేం అడగలేదు, కిటికీ చెప్పింది.
పళ్లు పటపటా కొడుతూ చెప్పింది.
పక్క ఎంత ఇరుకంటే
ఒత్తిగిలాలంటే ఇద్దరం ఒప్పందం రాసుకోవాలి.
కానీ స్నానాలగదిలో ఒక గుండ్రటి అద్దం,
అందులో సముద్రం,
సముద్రంలో చొక్కా గుండీ అంత ఓడ.
దాన్ని చూస్తూ నిలబడిపోయాను.
"నెరీనా, నా నడుం ఒప్పుకోదు," అన్నాడు గుమ్మంలోంచి.

మూడోది రేవు వెనక, కాఫీ గిడ్డంగి.
శాంటోస్, మొంబాసా, ఏడెన్ అని గదులు.
గడ్డం కుర్రాడు ఒకడు ముందు నడుస్తూ
ప్రతి గింజా ఒక ప్రయాణమని
కామా కూడా తప్పకుండా అప్పజెబుతున్నాడు.
ఇటుకల మీద నల్లసిరా అంకెలు అలాగే ఉంచారు.
తలుపు వెనక కోట్లు తగిలించడానికి
ఒక ఇనప కొక్కెం.

డుయిలియో దాని ముందు ఆగాడు.

పదకొండేళ్లు. బస్తా అరవై కిలోలు.
నాకు ఆ గిడ్డంగి కర్పూర తైలం వాసనగానే తెలుసు,
రాత్రుళ్లు నేను రుద్దిన వీపుగానే తెలుసు.
కుర్రాడి కథలో వీపు లేదు.
ఆయన ఎడమ బొటనవేలి మీద మచ్చకి
ఆ కొక్కెం వంపే ఉంది.

చెయ్యి పట్టి లాగాను,
"పద, జోర్కా దగ్గరికే పోదాం."
ఆయన కోటు విప్పి
ఆ కొక్కేనికే తగిలించాడు.
పక్క మీద కూచుని, రెండు అరచేతులతో
పుచ్చకాయని చూసినట్టు నొక్కి చూశాడు.
"ఏడు పొరల పరుపండీ," అన్నాడు కుర్రాడు.
"ఆగస్టులో, మధ్యాహ్నం రెండింటికి,"
ఎవరితోనో అంటున్నట్టు అన్నాడు డుయిలియో,
"ఇక్కడే, సరిగ్గా ఇక్కడే, బస్తాల మీద
ఒక్క క్షణం నడుం వాలుస్తే చాలనిపించేది.
మేస్త్రీ కన్ను ఎప్పుడూ ఇటే ఉండేది."
కుర్రాడు మొదటిసారి ఏమీ చెప్పలేదు.
"మూడు రాత్రులు రాసుకో.
పొద్దున్న టిఫినుకి లేపకు."

బూట్లు కూడా విప్పకుండా నిద్రపోయాడు.
తలుపు మీద అద్దె చీటీ వేలాడుతోంది.
పోస్టాఫీసులో పార్సెళ్లు తూచినదాన్ని కదా,
ఒక రాత్రికి ఎన్ని బస్తాలవుతాయో
వేళ్ల మీద లెక్కేస్తూ పోయాను.
ఎక్కడో వందల్లో ఉండగా
ఆయన గురక పెట్టాడు, లెక్క తప్పింది.
మళ్లీ మొదలెట్టలేదు.

బయట గాలి ఇంకా ఎవరిదో డబ్బా దొర్లిస్తోంది.
ప్లంబర్ల సంగతి నాకు తెలుసు.
మూడన్నాడంటే నాలుగు.
ఆ నాలుగో రాత్రి మాత్రం
ఈశాన్యం నాది.