సోయి

పందొమ్మిదేండ్ల నుంచి మాటలు దించుతున్న
పాలమూరు జిల్లా కోర్టు రెండో అంతస్తుల.
సాక్షి తెలుగుల చెప్తది, సార్ ఇంగ్లీషుల చెప్తడు,
నా వేళ్లు సార్ చెప్పిందే కొడతయి.

ఆ పొద్దు తలుపులు మూసిన్రు.
ఇసొంటి కేసులల్ల మూస్తరు.
ఆమె పేరు కాయితం మీదికి రాదు.
పి.డబ్ల్యు. ఒకటి. అంతే.
కోయిల్‌కొండ దిక్కు, పత్తిచేన్ల కూలి,
ఎడమ బొటనవేలికి పసుపు గుడ్డ.

"కల్లు తాగినవా?"
"తాగిన."
"ఎన్ని సీసలు?"
"రెండు. మూడోది వాడు పోసిండు."
"తాగుమని ఎవరన్న బలవంతం చేసిన్రా?"
ఆమె నవ్వినట్టయింది.
"మా ఇంట్ల కల్లుకు బలవంతమెందుకు సార్?
పురుడొచ్చినా పోస్తం, పీనుగు లేచినా పోస్తం.
మా అవ్వ కొసరి కొసరి పోసేది."
సార్ దాన్ని ఒక్క ముక్క చేసిండు:
సాక్షికి తాగుడు అలవాటు కలదు.
కొట్టిన.

పొద్దుగాల విఠల్‌రావు వకీలు అన్నడు:
తనంతట తానే తాగింది, తనంతట తానే నడిచొచ్చింది,
ఇష్టం లేకనా?
బువ్వ తిన్నంక అదే విఠల్‌రావు
ల్యాబు కాయితం పైకెత్తిండు:
రక్తంల మత్తు లేదు, కాబట్టి తెలిసే చేసింది.
ఆ రక్తం పదకొండు రోజులు
ఠాణాల బీరువా మీద కూసున్న సంగతి
ఆ కాయితంల లేదు.
రెండు మాటలూ ఒకే పేజీల కొట్టిన.
పేజీ చినగలేదు.

బోనుల ఉన్నోడు
కల్లు మండువ ముంగట గుడాలు అమ్మెటోడు.
"మస్తు తాగిన సార్, ఏం జేసిన్నో యాది లేదు" అన్నడు,
అదే సాలు అన్నట్టు.

చట్టం నాకు కంఠతా వచ్చు.
మత్తుల ఎరుక తప్పిన ఆడమనిషి
ఊ అన్నా అది ఊ కాదు.
కొట్లాడలేదంటే ఒప్పుకున్నట్టు కాదు.
తనకు తానే తాగినోడికి తాగుడు సాకు కాదు.
గీతలు గట్టిగనే ఉన్నయి.
ఆ గీత దాక ఆమెను నడిపించుడే కష్టం.
మూడో సీసకు, గుడిసె తడకకు నడుమ
ఎన్ని అడుగులు, ఎవరు లెక్కవెట్టిన్రు?

"వద్దన్నవా?"
"ఏమనలే."
"ఎందుకనలే?"
"నాకు సోయి లేకుండె సార్."
"సోయి లేకపోతే వాడి మొఖం ఎట్ల గుర్తువట్టినవ్?"
"వచ్చె, పోయె. మబ్బుల ఎండ తీర్గ.
తడక మీద ఆరేసిన నా పచ్చ రైక కనవడ్డది.
ఒక చెయ్యి కనవడ్డది. లేపితే లెవ్వలే.
ఎవరిదో చెయ్యి అనుకున్న."

సార్ రాజమండ్రి దిక్కాయన, మంచాయన.
"సోయి అంటే స్పృహేనా?" అని అడిగిండు.
పీపీ మేడం "అంతే సార్" అన్నది.
విఠల్‌రావు "అంత పెద్ద మాట కాదు, కొంచెం తెలివి" అన్నడు.
తలుపు కాడ నిలవడ్డ అటెండరు బాలకిష్టమ్మ,
ఆడ మాట్లాడే హక్కు లేని మనిషి,
"సోయంటే నేను నాకు ఉండుడు సార్" అన్నది.

ఎవరూ తిట్టలే.
కొంతసేపు ఫ్యాను చప్పుడే.
తర్వాత సార్, చిన్నగ,
ఇంగ్లీషు వాక్యం నడుమ ఆ మాటను
అట్లనే ఉంచుమన్నడు.
తెలుగు అక్షరం మా మిషన్ల సతాయిస్తది.
సకు ఓత్వం వడి, యకు గుడి వడేసరికి
ఆమె నా వేళ్లనే చూస్తున్నది.

చదివి వినిపించిన.
తాగుడు అలవాటు కాడ తల దించింది.
సోయి కాడ ఎత్తింది.
వేలిముద్రకు పసుపు గుడ్డ విప్పింది,
ముద్ర నడుమ అడ్డంగ తెల్లటి గీత వడ్డది,
పత్తికాయ గీసిందట.
తీర్పు ఇరవై మూడుకు.
ఆఖరు బస్సు ఐదున్నరకు అని
బాలకిష్టమ్మ యాది చేసింది.