ఏడో గడి

మామిళ్ళవంక మీద కల్వర్టు లేదు.
అది ఉండినచోట నీళ్ళు
ఇంకా ఎర్రగా గొణుగుతున్నాయి.
ట్రాక్టరు ఇవతలే ఆగిపోయింది.
ఉప్పర నడిపెన్న గాడిదలు తొమ్మిది,
ఇన్నాళ్ళూ ఏటి ఇసక మోసినవి,
ఇవాళ బియ్యం ఎత్తుకుని పాలకొండ ఎక్కుతున్నాయి.
వాటి వెనక నేను,
చంకలో నష్టాల ఫారాలు,
చేతిలో చెప్పులు.

ఆరు కిలోమీటర్లకు అయిదు గంటలు.
ఒక గాడిద కాలు జారి
కందిపప్పు మూట వంక పాలయింది.
"పోనీలే సార్, వంక గూడా మూన్నాళ్ళనుంచీ
మన్ను తప్ప ఏం తిన్లేదు" అన్నాడు నడిపెన్న.
నవ్వాలో లేదో తెలియక
రిజిస్టర్లో ఒక మూట కొట్టేశాను.

ఈతమాకులపల్లె. ముప్పై ఎనిమిది గడపలు.
నిన్న హెలికాప్టరు వచ్చి పోయిందట.
నీళ్ళ బాటిళ్ళు వేసిందట,
మూడు రాత్రులు నీళ్ళలో నిలబడిన ఊరికి.
బ్రెడ్డు పొట్లాలు కందిచేలో పడితే
మేకలు ముందు చేరుకున్నాయట.
చెప్పి చెప్పి నవ్వుతున్నారు.
ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది.
అప్పటిదాకా ఆమెదీ నవ్వే అనుకున్నాను.

బడి అరుగు మీద పంచాం.
కడుపుకి ఇంత అని కాదు, కార్డుకి ఇంత అని.
కార్డు కొట్టుకుపోయినవాళ్ళని
పక్కవాళ్ళు గుర్తుపట్టాలి.
"ఈమె మస్తానమ్మే. నలభై ఏండ్లుగా
గెనిమ కాడ నాతో తగూలాడతాంది,
నాకు తెలీకేం" అని
బాలోబులేసు సాక్ష్యం చెప్పాడు.
చాలు, ఇంతకన్నా గట్టి ఆధారం
మా ఆఫీసులో ఎవరికుంది?

తర్వాత నా పని. ఫారంలో ఆరు గడులు:
ఇల్లు, గొడ్డు, పంట, బావి, మోటారు, మనిషి.
మనిషి గడిలో, ఏ దేవుడి దయో, అడ్డగీతలు.

మస్తానమ్మ ఇల్లు: వెనక గోడ.
గొడ్డు: ఎనుము బతికింది.
పంట: శెనక్కాయ, పీకి వామి వేసింది, వామితో సహా.
బావి లేదు. మోటారు లేదు.
"మన్ను యాడ రాస్తావు సామీ?" అంది.

ఇసుక మేట వేసిందా అన్నాను.
"మేట కిందూళ్ళకు సామీ.
మా మన్నే వాళ్ళకు మేట."

చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.
వాలు మీద మెట్లుమెట్లుగా కయ్యలు.
పైది అత్త కట్టింది, కిందిది తను,
బండల సందున గంపగంపగా
కుంట మట్టి మోసి పోసుకున్న జానెడు నేల.
జానెడూ లేదు.
కడిగిన పళ్ళెంలా కొండ.

"మొన్న మృగశిరకు చుక్క పడకుంటే
ఆ గాడిదలకే పెండ్లి చేసినాం.
అదిగో, చెవి తెగిందే, అదే పెండ్లికూతురు.
పసుపు మరీ ఎక్కువ పూసినామేమో."
ఈసారి నిజంగానే నవ్వింది.
"ఇత్తనాలు ఇస్తారంట గదా,
రాతి మీద చల్లేదా?"

బాల్‌పెన్నుతో ఏడో గడి గీశాను.
మండలాఫీసు కంప్యూటరు దాన్ని మింగదని తెలుసు.
'మన్ను' అని రాసి, ఎంత అని అడిగాను.
చాలాసేపు ఆలోచించింది.
"గంపలు లెక్కపెట్టుకోలేదే" అంది,
తప్పు చేసినదానిలా.

పొద్దు వాలింది. గాడిదలు ఉత్త వీపులతో దిగాలి.
నడిపెన్న మాత్రం ఇంకా ఆ రాతి కయ్య కాడే,
కాలి బొటనవేలితో ఏదో కొలుస్తున్నాడు.
చెరువులు తవ్విన వంశం, మట్టిని చూస్తే ఆగలేడు.
"ఎక్కేటప్పుడు బియ్యం ఎట్లా రోజూ ఉండదు గదమ్మా.
మీ మన్ను ఏటిగడ్డనే పడుంది,
ఇసకా అదీ కలిసి.
జల్లెడ పట్టాల."

ఆమె ఏమీ అనలేదు.
దిగుతున్నంతసేపూ అతను
వేళ్ళు ముడుస్తూ, విప్పుతూ:
గాడిదకు రెండు గోతాలు,
తొమ్మిదికి పద్దెనిమిది,
దినానికి ఒకటే తిరుగుడు,
వంకలో నీళ్ళు తగ్గితే రెండు...
పెండ్లికూతురు వంక కాడ ఆగి
నీళ్ళు వాసన చూసి, తాగకుండా దాటింది.
పద్దెనిమిది, ముప్పై ఆరు, యాభై నాలుగు,
వెనకనుంచి వినబడుతూనే ఉంది.