పౌరుల రేటు

గేటు దగ్గర లెకిసత్ కాసేపు కలం నమిలాడు.
అవ్వ వయసెంతని రాయాలి?
"మిడతల దండు వచ్చిన ఏడాది నాకు పాలపళ్ళు ఊడుతున్నాయి.
లెక్క నువ్వే కట్టుకో" అంది నసియెకు.
వాడు అరవై ఎనిమిది అని రాసి
పౌరుల రేటుకి టిక్కెట్టు చించాడు.
ధర విని అవ్వ నావైపు వంగి మెల్లగా అడిగింది:
"మేకపిల్ల వచ్చేది కదరా?"

పదకొండేళ్ళుగా ఈ వ్యాను నాది కాదు, స్టీరింగే నాది.
జర్మన్లకి, జపాను వాళ్ళకి,
నైరోబీ కొత్తజంటలకి
సింహం ఆవులింత చూపించాను.
ఇది సీజను కాదు. బండి ఖాళీ.
పైకప్పు ఎత్తి, వెనక సీట్లో
మా అమ్మ తల్లిని కూర్చోబెట్టాను.
మెడనిండా పూసలు, కాళ్ళకి టైరు చెప్పులు,
ఒళ్ళో ప్లాస్టిక్ సీసా.

తుమ్మల మధ్య ఇటుకపొడి రంగు నేల,
వానకి ముఖం వాచిన నేల.
గెరెనుక్ ఒకటి వెనక్కాళ్ళ మీద నిలబడి
అటక మీది డబ్బా అందుకునే మనిషిలా
చిటారు ఆకు కోసం మెడ సాచింది.
"అదిగో, చూడండి" అన్నాను
అలవాటుగా, టూరిస్టులకి చెప్పే గొంతుతో.
"దాని ముత్తవ్వ నాకు తెలుసు" అంది.

నీలికాళ్ళ నిప్పుకోడి, సన్నచారల జీబ్రాలు,
వల కప్పుకున్నట్టుండే జిరాఫీ.
అవ్వ దేనికీ లేవలేదు.
కిటికీ అంచు పట్టుకుని నేలకేసే చూస్తోంది,
దారం తెగి రాలిన పూసల కోసం వెతుకుతున్నట్టు.

రేడియో గరగరమంది:
ఉత్తరపు మలుపులో చిరుత,
చెట్టు మీద, తోక కనిపిస్తోంది.
ఐదు బండ్లు దుమ్ము లేపుకుంటూ పోయాయి.
అవ్వ నా భుజం తట్టింది.
"అటు కాదు. నదికి."

ఎవాసో ఇసకై పడుంది.
నది నడుమ ముసలి ఆడ ఏనుగు
ముందుకాలితో తవ్వుతోంది,
పిండి జల్లించే చేతికున్నంత ఓపికతో.
తొండం లోపలికి పోయి తడిగా బయటికొచ్చింది.
వెనక గున్నలు వరస కట్టాయి.

"అక్కడే" అంది అవ్వ.
"ఏమిటక్కడ?"
"మా నాన్న బావి."

నాలుగు నిలువుల లోతు.
ఒకడి భుజాల ఎత్తు నుంచి ఇంకొకడికి బొక్కెన.
ఇంటికో పాట.
పక్కింటి పాటకి మా ఆవులు చెవి కూడా కదిపేవి కావు,
మాది ఎత్తుకోగానే కొమ్ములు తోసుకుంటూ దిగేవి.
ఆ తర్వాత ఎవరో సున్నం కొట్టిన రాళ్ళు పాతారు.
రాళ్ళకి ఇవతల జంతువులు, అవతల మేము.
పాట ఎటు ఉండాలో ఎక్కడా రాయలేదు.

దిగుతానంది.
దిగకూడదవ్వా, రూలు, నా లైసెన్సు పోతుంది అన్నాను.
సింహాలకి భయపడుతున్నాననుకుంది ముందు.
కాగితానికని తెలిసి నవ్వింది
మిగిలిన మూడు పళ్ళతో.

సీసా మూత తిప్పి
నీళ్ళు పుక్కిట పట్టి
కిటికీలోంచి తుప్పరగా ఊదింది
నేల మీదికి, తుమ్మ మీదికి, ఏనుగున్న వైపుకి,
మా పెళ్ళిళ్ళలో పెద్దలు దీవించినట్టు.
కొంత గాలికి తిరిగొచ్చి నా చెంప మీద పడింది.
తుడుచుకోలేదు.

తర్వాత ఏదో గొణిగింది. పాటే.
రెండు చరణాలయ్యాక ఆగింది.
మూడోది తమ్ముడి వంతట.
ఆ తమ్ముణ్ణి ఒక కరువు ఏడాది
పశువుల దొంగల తూటా తీసుకుపోయింది.
ఏనుగు చెవి విసిరింది. ఈగలకే.

సాయంత్రం గేటు దగ్గర లెకిసత్
టిక్కెట్టు వెనక్కి ఇమ్మన్నాడు, లెక్కకి.
ఇవ్వనంది. నాలుగు మడతలు పెట్టి
పూసల కింద దోపుకుంది.
"ఏం చూశావవ్వా?" రిజిస్టరు తెరిచి అడిగాడు.
చాలాసేపు ఆలోచించింది.
"తవ్వితే నీళ్ళున్నాయిరా ఇంకా."

వాడు ఆ గడి ఖాళీగా వదిలేసి
వెనక బండికి కర్ర ఎత్తాడు.