వరహాల లెక్క

నాగోలు నర్సరీలో యాదగిరి
కుండీ నా చేతిలో పెట్టి అన్నాడు:
"నూరు వరహాలు. నూట ఇరవై రూపాయలు."
నేనెందుకు నవ్వానో అతనికి అర్థం కాలేదు.
మలక్‌పేట సహకార బ్యాంకులో రెండో కౌంటరు నాది,
పొద్దుగూకులూ ఇంకొకరి నోట్లు లెక్కపెడతాను.
వరహాలు ఇంత చవగ్గా ఎక్కడా చూళ్లేదు.

"పొద్దుటి ఎండ మంచిగ తగలాలె.
అడుగున నీళ్లు నిల్వొద్దు. మన్ను ఎండొద్దు."
రెండూ ఒకేసారి ఎలాగయ్యా అంటే
"వేలు పెట్టి సూడాలె మేడం, మన్నే చెప్తది."

సైదాబాదు. మూడో అంతస్తు. తూర్పు బాల్కనీ.
వాషింగ్ మెషిన్ పక్కన మిగిలిన జానెడు జాగా.
నెలన్నరకి ఫోన్ చేశాను.
"యాదగిరీ, ఆకులు పచ్చబడ్డాయి."
"పచ్చగుంటే మంచిదే గద మేడం."
"ఆ పచ్చ కాదు."
"మరి ఏ పచ్చ?"

బతుకుతున్న ఆకుకీ పోతున్న ఆకుకీ
ఒకే మాట ఇచ్చి ఊరుకుంది మన భాష.
ఫోటో పంపాను:
ఈనెలు మాత్రం నిలబడ్డాయి,
వాటి మధ్యనంతా కామెర్లు.
"బోరు నీళ్లా?" అన్నాడు.

బోరు నీళ్లే.
తొమ్మిది వందల అడుగుల కిందినించి
సున్నం మోసుకుంటూ పైకెక్కే నీళ్లు.
కుళాయి మూతికి తెల్ల మీసం,
నెలకోసారి దగ్గే గీజరు,
నా జుట్టు సంగతి సరేసరి.
"గీ చెట్టుకు పులుపు కావాలె మేడం."

పుల్లమజ్జిగ పోశాను, చీమలు కాపురం పెట్టాయి.
చివరికి దారి చూపింది జబ్బార్ భాయ్,
బ్యాంకు ఎదురుగా ఇరానీ హోటలు.
పొద్దంతా కాగి కాగి రంగంతా ఇచ్చేసిన చాయ్ పత్తీ
వారానికో డబ్బా కట్టించి పెట్టేవాడు.
"ఖాలీ పత్తీ అమ్మా, దూద్ తగల్లేదు" అని ఒట్టేసి మరీ.
కడిగి, ఆరబెట్టి, గుప్పెడంటే గుప్పెడు,
కాండానికి తగలకుండా కుండీ అంచు వెంట.
ఎక్కువేస్తే బూజు పడుతుంది.
వేశాను కాబట్టి చెబుతున్నాను.

జూన్‌లో మొదటి వానకి
బాల్కనీలోంచి రెండు బకెట్లు బయటికి చాచి నిలబడితే
కింది ఫ్లాటు సుగుణాకర్ గారు తలెత్తి
"ఏం మేడం, మంజీరా బందా?" అన్నారు.
పైన ఒక పేషెంటు ఉందనీ
వాన నీళ్లే అరుగుతాయనీ చెప్పలేదు.
దసరాకి కొత్త ఆకు వేసింది.
ముదురు రంగు. ఇనుము తిన్న రంగు.
పువ్వు మాత్రం లేదు.

"చలి పోంగనే మూడో వంతు కోసెయ్ మేడం, భయపడకు."
చెప్పడం తేలిక.
రెండు ఆదివారాలు కత్తెర పట్టుకుని నిలబడి
తిరిగొచ్చి బట్టలు ఉతుక్కున్నాను.
మూడో ఆదివారం కోశాను.
ఇది కొమ్మ కొసనే పూస్తుంది.
ఒక కొస తీస్తే రెండు కొసలు పెడుతుంది.
ఇంత వడ్డీ
మా బ్యాంకులో డైరెక్టరు బావమరిదికి కూడా ఇవ్వం.

ఏప్రిల్లో ఒక గుప్పిట బయటికొచ్చింది,
నిండా ఎర్ర తలల అగ్గిపుల్లలు.
ఎవరూ గీయకుండానే ఒక్కోటీ అంటుకుని
నాలుగు రేకులుగా విడింది.
లెక్కపెట్టాను, అలవాటు కొద్దీ.
వేలు తడి చేసుకోవడం దాకా వెళ్లి ఆగాను.
అరవై మూడు.
మిగతా ముప్పై ఏడు వరహాలూ
యాదగిరినే అడగాలి.

సాయంత్రం వచ్చి చూస్తే యాభై ఆరు.
పక్క ఫ్లాటు నౌషీన్, రెండో తరగతి,
మధ్య గోడ మీదినించి సగం ఇటు వేలాడుతోంది.
ఒక పువ్వు తుంచి, దారం లాంటిది సుతారంగా లాగి
కొసన నిలిచిన చుక్కని నాలుక మీద పెట్టుకుంది.
నన్ను చూసి దాక్కోలేదు.
"ఆంటీ, మీఠా ఉంది. మీరు కూడా."

కౌంటర్లో ఒక్క నోటు తగ్గినా
నా జీతంలోంచి కట్టాలి, అది రూలు.
నేనూ ఒకటి తుంచాను.
ఉందో లేదో అన్నంత తీపి.

యాభై ఐదు.

రేపు శనివారం,
జబ్బార్ భాయ్ దగ్గర డబ్బా తెచ్చుకోవాలి.